చేర్యాల రంగుల్లో వేద దేవతలు: 33 కార్డుల ఆట పెట్టెపై ఒక సమీక్ష

గత చలికాలంలో హనుమకొండలో జరిగిన ఒక చేతివృత్తుల ప్రదర్శనలో, కొయ్య బొమ్మలకూ నేత సంచులకూ నడుమ ఉన్న ఒక చిన్న బల్ల మీద, ఎర్రని అట్టపెట్టె ఒకటి కనిపించింది. దాని మీద ‘వేద దేవతలు - 33 కార్డులు’ అని తెలుగులో రాసి ఉంది. ధర 750 రూపాయలు. ఆరో తరగతి చదువుతున్న మా మనవరాలు బొమ్మలు చూసి ఆగింది. పెట్టె అడుగున ‘సూక్తాల సంఖ్యతో ఆడే ఆట’ అన్న వాక్యం చూసి నేను ఆగాను. మూడు నెలలుగా మా ఇంట్లో ఆ పెట్టె వాడుకలో ఉంది కనుక ఇప్పుడు దాని గురించి రాయడానికి నాకు కొంత అర్హత ఏర్పడిందనుకుంటున్నాను. తయారుచేసిన వారిది ఇద్దరు ముగ్గురు కలిసి నడుపుకొంటున్న చిన్న పని కాబట్టి వారి పేరు ఇక్కడ రాయడం లేదు.

ముందుగా వస్తువు సంగతి. కార్డులు అరచేతి వెడల్పున, పెళ్లిపత్రిక అట్టంత మందంగా ఉన్నాయి. బొమ్మలను తెలంగాణలోని చేర్యాల పటచిత్రాల బాణీలో వేయించి అచ్చు కొట్టించారు. ఎర్రని నేపథ్యం, వెడల్పాటి కళ్లు, నల్లని సన్నగీత, అంచుల్లో పూలతీగ చూడగానే ఆ పటాలు గీసే నకాషీల చేతిపని పోలిక తెలిసిపోతుంది. చింతగింజల అంబలి పట్టించిన ఖద్దరు గుడ్డ మీద వేసిన అసలు పటానికి ఉండే గరుకుదనం అచ్చు కార్డుకు రాదు. దాన్ని ఆశించి కొనకూడదు. మూలలు నెల రోజులకే మడతలు పడ్డాయి. పైపూత పలుచన కావడంతో చెమట చేతులకు ఎరుపు రంగు కాస్త అంటుతోంది. ఈ ధరకు ఇంతకంటె మంచి పూత వేయించి ఉండవలసింది.

ఆట తీరు తేలికైనది. పిల్లలు క్రికెట్ ఆటగాళ్ల బొమ్మలతో ఆడే ట్రంప్ కార్డుల పద్ధతే ఇది. ప్రతి కార్డు మీద ఆ దేవతను ఋగ్వేదం సుమారుగా ఎన్ని సూక్తాల్లో (స్తుతి గీతాల్లో) కీర్తించిందో అంకె వేసి ఉంటుంది. పెద్ద అంకె ఉన్నవారు ఎదుటివారి కార్డును గెలుచుకుంటారు. వినడానికి ఇది చిల్లర ఆటలా ఉన్నా, ఈ పెట్టె చేసిన మంచి పని అంతా ఆ అంకెల్లోనే ఉంది. ఋగ్వేదంలోని 1028 సూక్తాల్లో ఇంద్రుడివి దాదాపు 250, అగ్నివి 200, సోముడివి 120. అశ్వినులకు 50, ఉషస్సుకు 20 వేశారు. విష్ణువు కార్డు మీద 5 అని ఉంది. రుద్రుడికి 3.

మొదటి ఆదివారం మాతో ఆటకు కూర్చున్న నా మిత్రుడు పరమ వైష్ణవుడు. విష్ణువు కార్డు చేతికి రాగానే ఇక గెలుపు తనదేనన్న ధీమాతో దాన్ని బల్ల మీద పెట్టాడు. మనవరాలు ఉషస్సును పెట్టి దాన్ని తీసుకుంది. ఆయన కార్డును వెనక్కి తిప్పి, అంకె తప్పు పడిందేమోనని రెండుసార్లు చూశాడు. తప్పు పడలేదు. ఋగ్వేద కాలానికి విష్ణువు మూడు అడుగులతో లోకాలను కొలిచిన దేవుడే. ఋగ్వేదపు పది మండలాల్లో, అంటే భాగాల్లో, ఒకటో మండలం 154వ సూక్తం ఆ అడుగులనే కీర్తిస్తుంది. అయితే అక్కడ ఆయన ఇంద్రుడికి తోడుగా నిలిచే మిత్రుడు, అందరికీ పైవాడు కాడు. ఈ మార్పును నేను తరగతి గదిలో ఏళ్ల తరబడి పాఠంగా చెప్పాను. ఒక ఓడిపోయిన కార్డు చెప్పినంత సూటిగా ఎన్నడూ చెప్పలేకపోయాను.

ఆ మరుసటి వారం కార్డులు జేబులో వేసుకుని వేయిస్తంభాల గుడికి వెళ్లాం. కాకతి రుద్రదేవుడు 1163లో కట్టించిన ఆ త్రికూటాలయంలో మూడు గర్భాలయాలు శివుడికీ విష్ణువుకూ సూర్యుడికీ ఏర్పడ్డాయి. ఇప్పుడు పూజ జరుగుతున్నది రుద్రేశ్వరుడికే. మనవరాలు మెట్ల మీద కూర్చుని ఆ ముగ్గురి కార్డులు తీసి అంకెలు కూడింది: మూడు, ఐదు, పది, మొత్తం పద్దెనిమిది. ‘మరి రెండువందల యాభై ఉన్నాయనకు ఇక్కడ గది లేదేంది తాతా?’ అని అడిగింది. ఆ ప్రశ్న పుట్టించినందుకే ఈ పెట్టెకు సగం ధర చెల్లిపోయిందని నా అభిప్రాయం. వేదకాలంలో గుడి లేదు, విగ్రహం లేదు. పచ్చిక పరిచిన నేల మీద అగ్నిని వెలిగించి పిలిస్తే దేవతలు వచ్చి కూర్చుని, నెయ్యీ సోమరసమూ పుచ్చుకుని వెళ్లేవారు. గుళ్లు కట్టే కాలం వచ్చేసరికి ఇంద్రుడు తూర్పు దిక్కును కాచే కాపలాదారుగా మిగిలాడు. మన పౌరాణిక సినిమాల్లోనైతే ఎవరో ఒకరి తపస్సుకు భయపడి అప్సరసలను పంపడమే ఆయనకు మిగిలిన పని.

ఇంద్రుడి కార్డును మాత్రం చాలా శ్రద్ధగా చేశారు. సింహాసనం లేదు, నాట్యం లేదు. కొండను చుట్టుకుని నీళ్లను బిగబట్టిన వృత్రుడనే పామును వజ్రంతో చీల్చుతున్న యోధుడు, ఆయన కాళ్ల మధ్య నుంచి అరుస్తూ పరుగెత్తే ఆవుల్లా దూకుతున్న ఏళ్లు. ఒకటో మండలం 32వ సూక్తంలో ఉన్నది అచ్చంగా ఈ దృశ్యమే. నీళ్లను ఆవులతో పోల్చిన ఉపమానం కూడా అక్కడిదే. వజ్రాన్ని దేవశిల్పి త్వష్ట చేసి ఇచ్చాడని పెట్టెతో వచ్చిన చిన్న పుస్తకంలో సరిగ్గానే రాశారు. కాని దధీచి ఎముకల ముచ్చట పూర్తిగా పురాణాలదే అని అందులో అనడం తొందరపాటు. దధ్యంచుడి (వేదంలో దధీచి పేరు ఇదే) ఎముకలతో ఇంద్రుడు వృత్రులను చంపాడన్న మాట ఒకటో మండలం 84వ సూక్తంలోనే ఉంది. ఎముకలను దానం అడగడం, మహర్షి ప్రాణం విడవడం వంటి కథాభాగం తరువాత పెరిగింది.

ఇంత శ్రద్ధ అన్ని కార్డులకూ దక్కలేదు. రుద్రుడి కార్డు తీస్తే, తల మీద గంగ, నుదుట మూడో కన్ను, జడలో చంద్రవంక, మెడలో పాము, పక్కన నంది. అంటే ఇది మనకు తెలిసిన శివుడి పటమే. ఋగ్వేదంలోని రుద్రుడు వేరు. జడలు కట్టిన జుట్టు, గోధుమవన్నె ఒళ్లు, చేతిలో విల్లంబులు ఉన్న అడవి దేవుడు, గాలివాన దేవతలైన మరుత్తుల తండ్రి, కోపం వస్తే పశువులనూ పిల్లలనూ కొట్టేవాడు, దయ కలిగితే చల్లని మందులు ఇచ్చే వైద్యుడు. ‘శివ’ అన్నది అప్పటికింకా మంగళకరుడని అర్థమిచ్చే విశేషణమే. మా వీధి అయ్యగారు ఆ కార్డును చూసి వెంటనే ‘మా నస్తోకే తనయే’ అని అందుకున్నారు. మా బిడ్డలను, మా ఆవులను, మా గుర్రాలను కొట్టవద్దని రుద్రుడిని బతిమాలే ఆ మంత్రం ఋగ్వేదంలోనూ ఉంది, అభిషేకంలో చెప్పే నమకంలోనూ ఉంది. వేములవాడలో కోడె మొక్కు చెల్లించడానికి గొడ్డును పట్టుకుని వరుసలో నిలబడే రైతుకు ఈ పాత రుద్రుడు బొత్తిగా కొత్తవాడు కాడు. కార్డు మీద ఆ విల్లునూ ఆ మందునూ చూపించి ఉంటే ఆ చుట్టరికం పిల్లలకు అందేది.

సోముడి విషయంలో మరింత నిరాశ కలిగింది. తెల్లని చంద్రబింబంలో కూర్చున్న యువకుడిని గీశారు. తొమ్మిదో మండలంలోని 114 సూక్తాలూ సోమానివే. వాటిలో ఉన్నది రాళ్లతో నలగగొట్టి, గొర్రె బొచ్చు జల్లెడ గుండా వడగట్టి, పాలతో కలిపే ఒక మొక్క రసం. చంద్రుడితో దాన్ని ముడిపెట్టడం పదో మండలం నాటి కొత్త పోకడ. 120 సూక్తాలు అని అంకె వేసి, ఆ సూక్తాల్లో దాదాపు కనిపించని బొమ్మను గీయడం పెద్ద లోపమే.

వరుణుడి కార్డు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. మకరం మీద కూర్చున్న సముద్ర దేవుడిని వేసి, కింద ‘వానల దేవుడు’ అని రాశారు. వానలు పడకపోతే వరుణ జపాలు చేయించే మన ప్రాంతంలో ఈ పొరపాటు సహజమే. కాని వేదంలో వరుణుడి ప్రధాన బాధ్యత వాన కాదు. ఋతాన్ని కాపాడడం, అంటే సూర్యుడు తన దారిన నడవడం, నదులు పారినా సముద్రం పొంగిపొరలకపోవడం, మనిషి ఆడిన మాట తప్పకపోవడం అనే ఒకే క్రమాన్ని నిలబెట్టడం ఆయన పని. ఆయనకు వేగులు ఉన్నారు. తప్పు చేసినవాడిని పట్టే పాశాలు ఉన్నాయి. ఏడో మండలంలో వసిష్ఠుడు ఆయనతో మాట్లాడే తీరు వేదం మొత్తంలో నాకు అన్నిటికంటె ఇష్టమైన భాగం. ఒకప్పుడు మనమిద్దరం ఒకే పడవెక్కి సముద్రం నడుమ ఊగాం కదా, ఆ స్నేహం ఏమైంది, నేను చేసిన తప్పేమిటి అని అడుగుతాడు. నీళ్ల మధ్య నిలబడి ఉన్నా దాహంతో అలమటిస్తున్నానంటాడు. ఆ పడవలో ఇద్దరిని గీస్తే చేర్యాల బాణీలో ఎంత అందంగా కుదిరేదో! ఎర్రని నేపథ్యం మీద నీలి అలలు, పడవకు చెరో కొసన ఋషీ దేవుడూ. ఆ అవకాశం జారిపోయింది. పైగా మిత్రావరుణులను కలిపి పాడిన సూక్తాలు వరుణుడి లెక్కలో చేరలేదు. దాంతో 12 అంకెతో ఆయన ఆటలో దాదాపు ప్రతిసారీ ఓడిపోతున్నాడు.

యముడి కార్డులోనూ ఇదే తంతు: దున్నపోతు, పాశం, గద, ఎర్రని కళ్లు. ధర్మపురిలో యమధర్మరాజు గుడిలో గండదీపంలో నూనె పోసినవారూ, కాళేశ్వరంలో ఒకే పానవట్టం మీద కాలుడూ ముక్తేశ్వరుడూ రెండు లింగాలుగా వెలసిన చోట గోదావరీ ప్రాణహితల సంగమంలో మునిగినవారూ మా ఇంట్లోనే ఉన్నారు. ఉత్తర తెలంగాణలో యముడు భయపెట్టే దేవుడే అయినా పరాయి దేవుడు కాడు. ఋగ్వేదంలోని యముడు మాత్రం అందరికంటె ముందు చనిపోయి, వెనక వచ్చేవారికి దారి కనిపెట్టిన మొదటి మనిషి. చెట్టు నీడన పితరులతో కలిసి కూర్చునే రాజు. దున్నపోతు లేదు, ఆయన దారిని కాచే, నాలుగేసి కళ్లున్న రెండు మచ్చల కుక్కలు ఉన్నాయి. అవి ఇంద్రుడి ఆవులను వెతికిపెట్టిన సరమ అనే ఆడకుక్క పిల్లలు. పాశం విషయానికి వస్తే అది వరుణుడిది. యముడి చేతికి అది ఎక్కువగా తరువాతి కథల్లోనే చేరింది.

ఈ తప్పులకు చిత్రకారుడిని నిందించడం న్యాయం కాదు. చేర్యాల పటం పుట్టిందే పురాణం చెప్పడానికి. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, రజకులకు మడేలు పురాణం, ఇలా ఒక్కో కులానికి ఒక్కో కథను చుట్టలు విప్పుతూ పాడేవారి కోసం నకాషీలు తరతరాలుగా గీశారు. ఆ చేతికి తెలిసిన శివుడు గంగ ఉన్న శివుడు. ఆ చేతికి తెలిసిన యముడు దున్న ఎక్కిన యముడు. వేద దేవతలకు విగ్రహ సంప్రదాయం లేదు కాబట్టి, బొమ్మ వేయమన్నప్పుడు చేయి అలవాటైన దారినే పోతుంది. సూక్తాలను చదివి, ఇందులో ఇది ఉంది, ఇది లేదు అని చిత్రకారుడికి చెప్పవలసిన బాధ్యత పుస్తకం రాసినవారిది. ఇంద్రుడికి ఆ పని చేశారు, వినాయకుడి విషయంలోనూ చేశారు. ప్రతి చవితి పందిరిలో చదివే ‘గణానాం త్వా గణపతిం’ అన్న మంత్రం ఋగ్వేదంలో మంత్రాలకు అధిపతి అయిన బ్రహ్మణస్పతిని ఉద్దేశించినదని రాసి, ఏనుగు తల లేకుండానే ఆ కార్డు వేశారు. అంత ధైర్యం చేసినవారు సోముడి దగ్గర ఎందుకు జారిపోయారో అంతుపట్టదు.

బాగున్న కార్డుల్లో మొదటి స్థానం ఉషస్సుదే. నర్తకి నగలు దిద్దుకున్నట్టు రంగులు తొడుక్కుని వచ్చే అమ్మాయి అని సూక్తం వర్ణిస్తుంది. చేర్యాల ఎరుపు మరే దేవతకూ ఇంతగా అతకదు. నేపథ్యమే తెల్లవారుజాముగా మారిపోయింది. ఈ ఒక్క కార్డును పెద్దగా అచ్చువేసి అమ్మితే గోడకు పెట్టుకుంటాను.

దానితో సమానంగా మా ఇంట్లో పేరు తెచ్చుకున్నవి ఎవరూ ఊహించని రెండు కార్డులు: రోలూ రోకలీ ఒకటి, కప్పలు ఒకటి. పెట్టెలోని 33 మందిని నేల, నడిమి ఆకాశం, స్వర్గం అని పదకొండేసి చొప్పున విడదీసి అంచుల రంగు మార్చారు. ఈ విభజనకు ఒకటో మండలంలోనే ఆధారముంది. వేదపదాలకు అర్థం చెప్పే నిరుక్తంలో యాస్కుడు దేవతలను మూడు లోకాలకు పంచిన తీరూ దీనికి దగ్గరే. నేల దేవతల్లో యాస్కుడు సోమాన్ని దంచే రాళ్లను, రోలును, పాచికలను, కప్పలను కూడా లెక్కపెట్టాడు. కార్డుల్లోనూ అవి చేరాయి. ఏడో మండలం 103వ సూక్తంలో ఏడాదంతా మౌనవ్రతం పట్టిన బ్రాహ్మణుల్లా పడి ఉన్న కప్పలు తొలివాన పడగానే, గురువు మాటను శిష్యుడు వల్లించినట్టు ఒకదాని అరుపును ఇంకొకటి అందుకుంటాయి. వానలు ఆలస్యమైన ఏడాది మన పల్లెల్లో పిల్లలు రోకలికి వేపమండలతో కప్పను కట్టి, ఇంటింటా నీళ్లు పోయించుకుంటూ కప్పతల్లి ఆట ఆడతారు. నేనూ చిన్నప్పుడు ఆడినవాడినే. ఆ రోకలీ ఆ కప్పా రెండు కార్డులుగా పక్కపక్కన పడినప్పుడు నాకు కలిగిన సంతోషం మనవరాలికి అర్థం కాలేదు. ఆమె ఇంతవరకు కప్పతల్లిని చూడలేదు. ఒకదాని నుంచి మరొకటి పుట్టిందని నేను అనను, అలా అనడానికి ఆధారం కావాలి. వానకూ కప్పకూ ఉన్న బంధాన్ని వేద ఋషులూ మన పల్లెవాళ్లూ ఇద్దరూ గమనించారన్నంత వరకే నా మాట.

40 పేజీల చిన్న పుస్తకంలో సమాచారం మంచిదే కాని కూర్పు నిర్లక్ష్యంగా ఉంది. ‘వృత్రుడు’ నాలుగు చోట్ల ‘వ్రుత్రుడు’ అయ్యాడు. ‘ఋతం’ ఒకచోట ‘రుతం’ అయింది. ఋతం మీద రాసిన పేజీలో ఆ మాటే తప్పు పడడం కంటికి ముల్లులా ఉంది. 33 అన్న అంకెకు ఇచ్చిన వివరణ గందరగోళం. ఎనిమిది మంది వసువులు, పదకొండు మంది రుద్రులు, పన్నెండు మంది ఆదిత్యులు, ఇంద్రుడు, ప్రజాపతి అని బృహదారణ్యక ఉపనిషత్తు లెక్కను ముందుమాటలో ఇచ్చారు. ఆ లెక్క ప్రకారం ఉషస్సుకూ సరస్వతికీ రాత్రికీ వాక్కుకూ చోటే లేదు. కార్డులు మాత్రం ఆ నలుగురితోనూ ఉన్నాయి. పెట్టె నడిచేది ఋగ్వేదపు పదకొండేసి లెక్క మీద కాబట్టి దాన్నే చెప్పి ఊరుకోవలసింది. ఉపనిషత్తు ప్రస్తావన తెచ్చాక అందులోని అసలు రుచిని వదిలేయడం మరో తప్పు. జనకుడి సభలో శాకల్యుడు దేవతలెందరని అడిగిన ప్రతిసారీ యాజ్ఞవల్క్యుడు 33, ఆరు, ముగ్గురు, ఇద్దరు అని తగ్గిస్తూ పోయి, ఒకటిన్నర అని ఆగి, చివరికి ఒక్కడే అంటాడు. ఆ ఒకటిన్నర గాలి అని నేను చెబితే మనవరాలు పడీపడీ నవ్వింది. ముక్కోటి దేవతలని మాట వరసకు అనే మనవాళ్లకు ఈ సంభాషణ తప్పక చెప్పవలసినది.

పుస్తకంలో ఒక్క వాక్యంతో సరిపెట్టిన మరో సంగతికి పూర్తి పేజీ ఇవ్వవలసింది. క్రీ.పూ. 14వ శతాబ్దంలో, ఇప్పటి తుర్కియే దేశంలో, హిట్టైట్ అనే పాత రాజ్యపు రాజుకూ, పొరుగు రాజ్యమైన మితాన్ని రాజుకూ కుదిరిన ఒడంబడిక మట్టిపలక మీద మిత్రుడు, వరుణుడు, ఇంద్రుడు, నాసత్యులు సాక్షులుగా కనిపిస్తారు. నాసత్యులంటే అశ్వినులే. మాట తప్పితే పట్టుకునే వరుణుడిని ఒప్పందానికి సాక్షిగా పిలవడంలో ఉన్న ఔచిత్యం, పై వరుణుడి కార్డును సరిగ్గా వేసి ఉంటే, పిల్లలకు దానంతట అదే తెలిసేది.

అమ్మకం తరువాతి సేవ గురించి ఫిర్యాదు లేదు. మాకు వచ్చిన పెట్టెలో వాయువు కార్డులు రెండు ఉండి వాన దేవుడైన పర్జన్యుడు లేడు. రాసి పంపితే, మూడు వారాలు పట్టినా, క్షమాపణతో పర్జన్యుడిని పంపించారు. అదనపు వాయువును తిరిగి అడగలేదు. దాన్ని ఒకటిన్నర లెక్కకు వాడుకుంటున్నాం.

పదేళ్లు దాటిన పిల్లలున్న ఇంటికి, పక్కన కూర్చుని అడిగినదానికి జవాబు చెప్పే పెద్దవారు ఒకరుంటే, ఈ పెట్టె కొనదగినదే. పిల్లల చేతికి ఇచ్చి వదిలేస్తే పురాణమూ వేదమూ కలగాపులగమై మిగులుతాయి. పూజగదిలో పెట్టుకోవడానికి కొనేవారికి ఇది పనికిరాదు. రుద్రుడు ప్రతి ఆటలోనూ ఓడిపోవడం వారికి నచ్చదు. రెండో ముద్రణ వేస్తే పైపూత మార్చి, సోముడినీ వరుణుడినీ రుద్రుడినీ యముడినీ మళ్లీ గీయించమని తయారీదారులకు రాశాను. యముడి విషయంలో మనవరాలు వారి కోసం ఆగలేదు. నల్ల స్కెచ్ పెన్నుతో దున్నపోతు కాళ్ల దగ్గర రెండు కుక్కలను గీసింది. ఒక్కోదానికి నాలుగు కళ్లు పెట్టింది. చోటు చాలక ఒకదాని తోక పూలతీగ అంచు మీదికి పోయింది.